డ్రైవరక్క నడుమునొప్పి

డిపోలో అందరూ ఆమెను డ్రైవరక్క అనే పిలిచేవారు. సిటీ బస్సు నడిపేది. ఎంత ఇరుకు సందులోనైనా బస్సును అవలీలగా వెనక్కి తీసేది. ఎవరైనా అడ్డొస్తే హారన్ కన్నా ముందు ఆమె నోరే మోగేది.

ఒకరోజు ఎవరో ముసలావిడకు సాయంగా సామాను దించబోతే డ్రైవరక్క నడుము కలుక్కుమంది. వారంలో సర్దుకుంటుందిలే అనుకున్న నొప్పి ఏడాది దాటినా వదల్లేదు, బస్సు నడపడం మానేసి సెలవులో ఉండాల్సొచ్చింది. స్కానింగులో చెప్పుకోదగ్గదేమీ కనబడలేదు. దాంతో డ్యూటీ ఎగ్గొట్టడానికి నాటకమాడుతోందని డిపోలో గుసగుసలు మొదలయ్యాయి.

ఇంట్లో టైలరు మొగుడిది మరో గోల. చీపురు ముట్టనివ్వడు, బిందె ఎత్తనివ్వడు. "వంగకే, నీకు దణ్ణం పెడతా!" అని వెంటపడేవాడు. చివరికి ఆమె చెప్పుల కోసం కూడా వంగడం మానేసి, కాలితోనే లాక్కునేది.

ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు బక్కపలచని అమ్మాయి. నడుము మీద చెయ్యి వెయ్యకముందే ప్రశ్నలు మొదలుపెట్టింది.

"కదిలితే ఇంకా దెబ్బ తగులుతుందని భయమేస్తుందా అమ్మా? ఈ నొప్పి ఇక తగ్గదనిపిస్తుందా? దేనిమీదా మనసు పోవట్లేదా?"

డ్రైవరక్కకు ఒళ్లు మండిపోయింది. "నడుం నొప్పని వస్తే బుర్ర చూస్తున్నావేంటి? నీక్కూడా నాటకంలాగే ఉందా?" అని సంచీ లాక్కుని బయటికొచ్చేసింది.

బస్టాపులో బెంచీ కాస్త కిందికి ఉంది. కూర్చోబోయి ఆగిపోయింది. పక్కనున్న స్తంభాన్ని గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది. నొప్పి ఇంకా రానేలేదు, వస్తుందేమోనన్న భయమే ఆమెను అలా నిలబెట్టింది. ఆ సంగతి తట్టగానే ఆమెకు భయం మీదే పట్టరాని కోపమొచ్చింది. గిరుక్కున తిరిగి మళ్లీ ఆసుపత్రికే నడిచింది.

"ఒక్క మాట తేల్చి చెప్పు. నా నొప్పి నిజమా, కాదా?" అని ఫిజియో అమ్మాయిని నిలదీసింది.

"నిజమేనమ్మా. కానీ భయపడితే ఒళ్లు బిగుసుకుంటుంది, అప్పుడు నొప్పి ఇంకా పెరుగుతుంది. దిగులు కూడా అంతే. అవెంత ఉన్నాయో తెలిస్తే వైద్యం అందుకు తగ్గట్టు చెయ్యొచ్చు. ఇదంతా ముందే చెప్పి అడగాల్సింది, నాదే పొరపాటు."

డ్రైవరక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే విను. భయమేస్తుంది. మళ్లీ స్టీరింగు పట్టనేమోనని ఏడుపొస్తుంది." ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. "అలాగని నన్ను మూల కూర్చోబెడితే మాత్రం ఊరుకోను."

"కూర్చోబెట్టను, వంచుతాను," అంటూ నవ్వింది ఆ అమ్మాయి.

ఆ సాయంత్రమే మొగుడి మిషను మీంచి దారపుండ జారి కిందపడింది. అతను లేవబోయాడు.

"ఉండు, నేను తీస్తా."

"వద్దే!"

"చూళ్లేకపోతే కళ్లు మూసుకో." మెల్లగా వంగి, ఉండ తీసి అతని చేతిలో పెట్టింది. నొప్పి పుట్టింది కానీ ఏమీ విరగలేదు. అతను ఆమె వంక నోరు తెరుచుకుని చూశాడు.

రోజూ నడక, వంగడం, బరువులెత్తడం, అన్నీ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయింది. డిపో మేనేజరు దగ్గరికెళ్లి డ్యూటీ అడిగితే ఆయన, "కౌంటర్లో కూర్చోమ్మా, సుఖంగా ఉంటుంది," అన్నాడు.

"ఆ సుఖమేదో మీరు పడండి సార్. నాకు బస్సివ్వండి."

ముందు చిన్న రూటిచ్చారు. ఆ తర్వాత ఊరవతలి పొడవైన రూటు తనే అడిగి వేయించుకుంది. నొప్పి పూర్తిగా పోలేదు, కొన్ని రోజులు గట్టిగానే పట్టేస్తుంది. అలాంటప్పుడు చివరి స్టాపులో దిగి, బస్సు చుట్టూ ఓ చుట్టు తిరిగి, నడుము వంచి లేచి, మళ్లీ సీటెక్కుతుంది.