కుర్మయ్య కూలెంట్ దాచుకోలేదు

కుర్మయ్యను దొంగ అన్న రోజు నేను పక్కనే ఉన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సగం మంట ఆ మాట అన్నాయన మీద, సగం నా మీద.

శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు పక్కన నాకు ఎస్టీడీ బూత్ ఉండేది. దాన్ని ఆనుకునే కుర్మయ్య రేకుల షెడ్డు. ఆయనది కొత్వాల్‌గూడ. ఎకరంన్నర చెల్కలో జొన్న కూడా సరిగ్గా పండక, పదహారో ఏట లారీ క్లీనరుగా ఎక్కాడు. ఒకసారి ఘాట్ రోడ్డు మీద ఇంజన్ ఉడికితే, తొందరపడి రేడియేటర్ మూత తిప్పిన డ్రైవరు మొహం ఆయన కళ్ల ముందే కాలిపోయింది. తర్వాత మెకానిక్ అయ్యాక, ఎంత పెద్దమనిషి వచ్చి కేకలేసినా ఇంజన్ చల్లారేదాకా మూత ముట్టేవాడు కాదు.

1997 మే నెలలో ఒక పొద్దున నరసరాజు గారు తన కారు తెచ్చారు. భీమవరం వైపు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డ మనిషి, విత్తనాల కంపెనీలో మేనేజర్. వారానికోసారి నా బూత్‌లో ఆగి దూరపు ఫోన్లు చేసేవారు. కారు ఢిల్లీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న కాంటెస్సా, అందుకే దానికి హీటరు కూడా ఉంది. రేడియేటర్ కింది గొట్టం పగిలి కారుతోంది. కొత్త గొట్టం, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ ఒక పెద్ద డబ్బా ఆయనే కొనుక్కొచ్చారు. పక్క సీట్లో ఆయన భార్య నాగమణి గారు.

కుర్మయ్య పాత కూలెంట్ మొత్తం దించేసి, గొట్టం మార్చి, కొత్తది పోశాడు. రేడియేటర్ మూతి దాకా వచ్చింది. డబ్బాలో ఇంకా మూడో వంతు మిగిలింది.

నరసరాజు గారు తాళం చేతిలోకి తీసుకున్నారు. "నిండింది కదయ్యా. కర్నూలు వెళ్లాలి, టైమైపోతోంది."

"జర ఆగుండ్రి సార్. పైకి నిండినట్లే కనవడ్తది. లోపల గాలి ఇరుక్కుని ఉంటది. అర్ధగంట ఇంజన్ చాలు చేసి ఉంచితే గాలి బయటికొస్తది, మిగిలింది గప్పుడు పడ్తది. గిట్లనే పోతే ఉడుకుతది."

"నాకు తెలీదా? ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్నాను" అంటూ ఆయనే మూత బిగించి వెళ్లిపోయారు. "సార్, డబ్బా!" అని కుర్మయ్య రోడ్డు దాకా పరుగెత్తాడు. అదంతా నేను బూత్ అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను.

గంటన్నర తర్వాత ఒక లారీ ఆ కారును తాడు కట్టి లాక్కొచ్చింది. పాల్మాకుల దాటకముందే వేడి ముల్లు ఎర్ర గీతకు తగిలిందట. నరసరాజు గారు దిగుతూనే షెడ్డులో ఉన్న డబ్బా చూశారు.

"డబ్బా మొత్తం పడుతుందని కారు పుస్తకంలో రాసుంది. మిగతాది నొక్కేసి ఇంకోడికి అమ్ముకుందామనుకున్నావా? దొంగ వెధవ!"

ఎదురుగా టీ కొట్టు దగ్గర పది మంది లేచి నిలబడ్డారు. కుర్మయ్యకు అన్నం తెచ్చిన ఆయన భార్య సత్తెమ్మ టిఫిన్ గిన్నె కింద పెట్టేసి, "ఎవర్ని పట్టుకుని గామాటంటున్నవయ్యా?" అని ముందుకొచ్చింది. పంక్చర్లు వేసే జగన్ మాత్రం, "పోనియ్ అక్కా, పెద్దోళ్లతోని మనకెందుకు" అని ఆమెను ఆపాడు. నరసరాజు గారు నేరుగా నా బూత్‌లోకి వచ్చి ఆఫీసుకు ఫోన్ చేసి, "ఇక్కడొక దొంగ మెకానిక్..." అని గట్టిగా చెప్పారు. నేను తల వంచుకుని మీటరు చూస్తూ కూర్చున్నాను.

"బండి వద్దు, ఏం వద్దు. గీయన్ని ఈడికెల్లి తోలెయ్యి" అంది సత్తెమ్మ.

"తోలను. గీయన ముందరనే చేస్త" అన్నాడు కుర్మయ్య.

ఇంజన్ చల్లారేదాకా గంటకు పైగా ఎవర్నీ ముట్టనివ్వలేదు. తర్వాత ఆరుగురితో నెట్టించి, ముందు చక్రాలను షెడ్డు ముందున్న మట్టి గుట్ట మీదికి ఎక్కించాడు. రేడియేటర్ మూతి అన్నిటికన్నా ఎత్తులో ఉంటే గాలి అటే వస్తుందన్నాడు. మూత తీసి, నిదానంగా పోసి, ఇంజన్ స్టార్ట్ చేసి, హీటరు పూర్తిగా తిప్పాడు.

"మే నెలలో హీటరేంటి? మతి పోయిందా?" అన్నారు నరసరాజు గారు.

"దాని గొట్టాలల్ల గూడ గాలుంది. దూరం పోవద్దు సార్. ఈడ నిలబడి చూడుండ్రి." తర్వాత నాగమణి గారితో, "అమ్మా, హీటర్ కాడ చెయ్యి పెట్టుండ్రి. వేడిగొస్తుందా?" అన్నాడు.

"లేదండీ, మామూలుగానే ఉంది."

కుర్మయ్య చేతికి గుడ్డ చుట్టుకుని పై గొట్టాన్ని పిసుకుతూ ఉన్నాడు. కాసేపటికి మూతిలో బుడగలు లేచాయి. ఒకటి, రెండు, తర్వాత గుడగుడమని వరసగా. ఉన్నట్టుండి కూలెంట్ సర్రున లోపలికి దిగిపోయింది. కుర్మయ్య పోశాడు. మళ్లీ బుడగలు, మళ్లీ పోశాడు.

"అబ్బా, కాలిపోతోంది!" నాగమణి గారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

బుడగలు ఆగేసరికి డబ్బా ఖాళీ అయింది. కుర్మయ్య దాన్ని నరసరాజు గారి ముందే బోర్లించాడు. చుక్క రాలేదు.

ఆయన జేబులోంచి వంద నోటు తీశారు. కుర్మయ్య ముట్టలేదు.

"పైసలొద్దు సార్. దొంగ అని పది మంది ముందర అన్నరు. తప్పయింది అని గూడ గా పది మంది ముందరనే అనుండ్రి."

ఆయన నోటు జేబులో పెట్టుకుని కారెక్కారు. "ఏమీ అనుకోకండి" అన్నారు నాగమణి గారు, చిన్నగా. "అనాల్సింది మీరు కాదమ్మా" అన్నాడు కుర్మయ్య. కారు వెళ్లిపోయింది.

అప్పుడు ఆయన నా వైపు తిరిగాడు. "లతమ్మా, పొద్దుగాల సంది చూసినవ్ గద. నేను ఆగుమంటె ఆగక పోయిండని నీకెర్కనే. ఒక్క మాట ఎందుకనకపోతివి?"

వారం వారం వచ్చే గిరాకీ పోతుందనుకున్నానని ఎలా చెప్పను? ఆ తర్వాత నెల రోజులు ఆయన నాతో గానీ, జగన్‌తో గానీ మాట్లాడలేదు.

అప్పటినుంచి ఇటు రాని నరసరాజు గారు ఆగస్టులో మళ్లీ ఫోన్ కోసం వచ్చారు. రిసీవర్ ఎత్తబోతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"కుర్మయ్య మిమ్మల్ని ఆగమన్నాడు. డబ్బా పట్టుకుని మీ వెనక పరుగెత్తాడు. నేను చూశాను. ఆయన షెడ్డు పక్కనే ఉంది, వెళ్లి ఆ మాట తప్పని చెప్పండి. అప్పుడు ఫోన్ చేసుకోండి."

"శంషాబాద్‌లో ఫోన్ నీదొక్కటేనా?" అని ఆయన విసురుగా వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

సాయంత్రం వెళ్లి కుర్మయ్యకు చెప్పాను. ఆయన ఒక ట్రాక్టరు కింద పడుకుని నట్టు బిగిస్తున్నాడు. అంతా విన్నాడు.

"గా మాట గా దినం అనాల్సింది బిడ్డా" అన్నాడు, నా వైపు చూడకుండానే.