నీళ్ల పిలుపు

సోమవారం నెల్లూరులో సిద్ధయ్య గొంతుకు ఆపరేషన్. ఆ తర్వాత మాట రాదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఇవాళ శనివారం.

సీతారామపురం గుట్టల్లో యాభై ఏళ్లు గొర్రెలు కాసిన మనిషి అతను. వాళ్ల తాత నేర్పిన గొర్రెల భాష ఒకటుంది. మేతకో పిలుపు, దారి మళ్లించడానికో పిలుపు, నీళ్లకో పిలుపు, అలా అరవైకి పైగా. అవన్నీ తెలిసినవాడు ఇప్పుడు సిద్ధయ్య ఒక్కడే. ఆత్మకూరు కాలేజీలో తెలుగు చెప్పే మధులత వాటిని రికార్డు చేయాలని నెల రోజులుగా అతని చుట్టూ తిరుగుతోంది. ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే ఒక్కటీ రాలేదు.

"ఎదురుగా గొర్రె లేకుండా మాటెట్టొస్తాదమ్మా?" అన్నాడు. నిజమే మరి, గోడతో ఎవరు మాట్లాడతారు?

అందుకే ఇద్దరూ వరికుంటపాడు బీళ్లలో ఓబులయ్య మంద దగ్గరికి వచ్చారు. రెండేళ్ల కిందట జబ్బు మొదలైనప్పుడు సిద్ధయ్య తన గొర్రెల్ని అతనికే అమ్మాడు. అవన్నీ ఎప్పుడో చేతులు మారిపోయాయని ఓబులయ్య ముందే చెప్పాడు.

మధులత ఫోనులో రికార్డు మొదలుపెట్టింది. సిద్ధయ్య మేత పిలుపు పిలిచాడు. ఒక్క గొర్రె కూడా తలెత్తలేదు. మళ్లింపు పిలుపు పిలిచాడు. నోట్లో రక్తం రుచి తగిలింది. నలుగురిలో పరువు పోయినట్టు సిగ్గేసింది.

"నీళ్లది ఒక్కటి తాతా," అంది మధులత.

"వద్దమ్మా. ఈడ నీళ్లు లేవు. గొర్రెకు అబద్ధం చెప్పనని మా తాతకు మాటిచ్చినాను."

"నీ మాట తెలిసిన గొర్రె ఇక్కడ లేదు కదా తాతా. సోమవారం తర్వాత..."

సిద్ధయ్య కళ్లు మూసుకున్నాడు. "త్రూ... త్రూయ్... హో..." చివర్లో గొంతు చీలిపోయింది.

మంద వెనక నుంచి ఒక ముసలి గొర్రె కుంటుకుంటూ వచ్చింది. దాని చెవి అంచున, తన మంద గుర్తుగా అప్పట్లో సిద్ధయ్య పెట్టిన గాటే ఉంది. వచ్చి, అతని కాళ్ల దగ్గర ఎండిన నేలను వాసన చూసి, తలెత్తి నిలబడింది.

సిద్ధయ్య నీళ్లు అడగబోతే మాట బయటికి రాలేదు. మధులత చేతిలోని నీళ్ల సీసా లాక్కుని దోసిట్లో పోసుకుని, మోకాళ్ల మీద కూలబడ్డాడు. గొర్రె చివరి చుక్కదాకా తాగి అతని అరచేతులు నాకింది.

అరవైలో దొరికినవి మూడు. ఇక గొంతు లేవదని ఇద్దరికీ తెలుసు. మధులత కళ్లు తుడుచుకుని ఫోను లోపల పెట్టబోయింది. సిద్ధయ్య ఆమె చెయ్యి పట్టుకుని, వినీ వినపడకుండా అన్నాడు:

"గొర్రెలుండే చోట నీళ్లు పెట్టకుండా ఆ పిలుపు మోగించబాకమ్మా."