పొట్టేళ్ళ దండు

నేను నిలబడితే నా తల మా నాయిన నడుము దగ్గరికి వస్తుంది. పుట్టుకతోనే అంతే. ఎముకలు పెరగవని వరంగల్ దవాఖానలో చెప్పారట. నాకు ఊహ తెలిసేసరికి ఇంట్లో ఎవరికీ ఆ సంగతి కొత్త కాదు. ఊళ్ళో బుడ్డోడా అని పిలిచేవాళ్ళు. రఘునాథపల్లి దగ్గర మాది కాస్త భూమి ఉన్న ఇల్లు కాబట్టి మొహం మీద నవ్వేవాళ్ళు తక్కువ. డిగ్రీకి జనగామ పోయాక తెలిసింది, ఆ భూమి నన్ను ఎంత కాపాడిందో.

మా పెద్దబాపు కొడుకు వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివేవాడు. నాకు అన్న. తెలంగాణ ఉద్యమం ముదిరి కాలేజీలు మూతపడగానే కంప్యూటర్‌ను దుప్పటిలో చుట్టుకొని ఊరికి వచ్చేశాడు. వెంట తన హాస్టల్ గదిలో ఉండే పిలగాడిని కూడా తెచ్చాడు. నెల్లికుదురు దగ్గర ఒక తండా అతనిది. బస్సులు బందు కావడంతో ఇంటికి పోలేక పెద్దబాపు వాళ్ళింట్లోనే ఉండిపోయాడు. ఫోన్లో వాళ్ళమ్మతో వాళ్ళ భాషలో మాట్లాడేవాడు, మాతో మా భాషలో. బొమ్మలు బాగా గీసేవాడు. నాకంటే ఏడాదో రెండేళ్ళో చిన్న. మొదటి రోజే నన్ను "అన్నా" అన్నాడు. బయటివాళ్ళెవరూ అంతకుముందు నన్ను అట్లా పిలవలేదు.

పొద్దున రోడ్డు మీద ధర్నా, వంటావార్పు. మధ్యాహ్నం కరెంటు ఉంటే అన్న గదిలో ఆట. అది సైన్యాల ఆట. పటం నిండా గళ్ళుంటాయి. మన వంతు వచ్చినప్పుడు మన దండును కదపాలి, తర్వాత అవతలివాడి వంతు. మనుషుల సైన్యం, పొడుగు చెవుల అడవి మనుషుల సైన్యం, రాక్షసుల సైన్యం, మరుగుజ్జుల సైన్యం ఉండేవి. మనకు కావలసిన దండును మనమే తయారుచేసి ఆటలో కలుపుకునే వీలు కూడా ఉండేది. అన్నకు ఆ పిచ్చి పట్టింది.

ఆ ఆటలో మరుగుజ్జులు కొండలు తొలుచుకొని బతికేవాళ్ళు. గొడ్డళ్ళు, ఇనుప కవచాలు, ఒక్కొక్కడు నలుగురి పెట్టు. నడక మాత్రం నెమ్మది. వాళ్ళు చేరేసరికి యుద్ధం అయిపోయేది.

"వీళ్ళకు సవారీ దండు లేదు, గదే తక్కువైంది," అన్నాడు అన్న ఒకరోజు. "గుర్రాల మీదికైతే ఎక్కలేరు. వేరే ఏం పెడుదాం? చెప్పుర్రి."

చెప్పుర్రి అన్నాక గానీ ఎవరి ముందు అన్నాడో అతనికి తట్టలేదు. తండా పిలగాడు తల వంచుకొని పెన్సిలు చెక్కడం మొదలుపెట్టాడు. నా వైపు చూడకుండా ఉండడానికి ఇద్దరూ పడుతున్న అవస్థ చూసి నాకే జాలేసింది.

"నన్నడుగుర్రి," అన్నాను. "గీ ఇంట్ల ఎక్కుడు దిగుడు సంగతి నాకంటె ఎక్కువ ఎవరికి తెలుసు?"

అన్న ఊపిరి పీల్చుకొని నవ్వాడు. అతని మనసు ఎలుగుబంటి మీద ఉంది. "భూపాలపల్లి అడివిల చూసినమంటరు సూడు, గసొంటిది. దాన్ని చూస్తెనే అవతలోడు ఉరుకుతడు."

"దాని నడుమెంత వెడల్పుంటదో ఎరికేనా? నా అసొంటోని కాళ్ళు రెండు దిక్కుల కిందికి దిగయి. మంచం మీద కూసున్నట్టు ముందలికి చాపుకోవాలె. మొదటి కుదుపుకే కిందవడ్తడు." చిన్నప్పుడు మా బర్రె మీద నేను అట్లాగే పడ్డాను.

"అడివిపంది?"

తండా పిలగాడు తల ఎత్తాడు. "దానికి మెడ తిరగదన్నా. ఉరికితే ఉరికినట్టే, పక్కకు మలపరాదు. మా తాత ఎదురువోయి తొడ చీల్చుకున్నడు."

"మరి చిన్న గుర్రం? పొట్టి జాతివి ఉంటయి గదా."

"ఎవరో ఒకరు ఎక్కిస్తరు, సరే," అన్నాను. "యుద్ధంల కిందికి దిగాల్సొస్తే? దిగినంక మళ్ళ ఎవడెక్కిస్తడు?"

అన్న ఆ సంగతి ఆలోచించలేదు. నేను జనగామ బస్సులో రోజూ ఆలోచించేవాణ్ణి. ఎక్కేటప్పుడు ఎవరో ఒకరు అడగకుండానే చంకల కింద చేతులు పెట్టి లేపేవాళ్ళు. దిగేటప్పుడు అందరికీ తొందరే. కాలేజీ దగ్గర మెట్టు పట్టుకొని, వెనక్కి తిరిగి, కాలు కిందికి చాపి నేల కోసం వెతుక్కునేవాణ్ణి. ఎక్కించేవాళ్ళు ఎప్పుడూ దొరుకుతారు. అదంతా వాళ్ళకు చెప్పాను. ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. ఆట కోసం కాబట్టి చెప్పగలిగాను.

మేక అనుకున్నాం. పొగకు బెదురుతుందని, వాన చినుకు పడితే అడుగు కదలదని తండా పిలగాడే కొట్టేశాడు. తర్వాత తనే, "పొట్టేలైతే?" అన్నాడు. వాళ్ళ ఇంట్లో ఒకటి ఉండేదట. డప్పు చప్పుడుకు కూడా జంకేది కాదట. తల దించి వచ్చిందంటే దడి విరిగిపోయేదట.

నేను మనసులోనే ఎక్కి చూసుకున్నాను. సన్నటి వీపు, కాళ్ళు ఇటూ అటూ దిగుతాయి. పట్టుకోవడానికి ఉన్ని ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, పాదాలు దాదాపు నేలకు తాకుతాయి. ఎవరి చెయ్యీ అక్కరలేదు.

"పొట్టేలే," అన్నాను.

"పొట్టేలు మీద సిపాయా? చూసెటోళ్ళు నవ్వుతరు తమ్మి."

"నవ్వనియ్యి. వాళ్ళు నవ్వుకుంట నిలవడంగనే మనోళ్ళు మీదికి వోతరు."

అన్నకు అది తెగ నచ్చింది. తండా పిలగాడు కాగితం మీద మెలి తిరిగిన కొమ్ములు గీశాడు, జీను గీశాడు, గడ్డం ఉన్న సవారీ మనిషిని గీశాడు. గీస్తూ గీస్తూ నా దవడ వైపు రెండు మూడు సార్లు చూశాడు. తెలిసీ నేను కదలకుండా కూర్చున్నాను. అన్న దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు. మొదటి యుద్ధంలోనే మా పొట్టేళ్ళు కొండ వాలు మీద నుంచి దిగి, పొడుగు చెవుల వాళ్ళ దండును పక్క నుంచి గుద్ది చెల్లాచెదురు చేశాయి. మేం ముగ్గురం అరిచిన అరుపుకు పెద్దమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏందిరా, తెలంగాణ వచ్చిందా?"

ఆ రోజుల్లో నేను సంతోషంగా ఉన్నాను. అంతగా మళ్ళీ ఎప్పుడూ లేను.

మండలంలో ఉద్యమం నడిపే నాయకుడు ఒకాయన ఆ తర్వాత అన్న దగ్గరికి వచ్చాడు. అరుగు దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడాడు. అన్న లోపలికి వచ్చి, "జనగామల పెద్ద ర్యాలీ ఉన్నది తమ్మి," అన్నాడు. "అందరికంటె ముందల నువ్వే. గుర్రం మీద, జెండ వట్టుకొని."

"నేనెందుకు?"

"అందరికి కనవడాలె గదా."

ఆ మాటకు నేను పడిపోయాను. అన్ని ధర్నాలకూ పోయాను కానీ నేను చూసినవి వీపులు, నడుములు, చీర కుచ్చిళ్ళు. నినాదాలన్నీ నా తల మీదుగా పోయేవి. నా గొంతు ఎవరికీ వినపడేది కాదు. రాష్ట్రం నాకూ కావాలి. ఉద్యోగం వస్తుందని అనుకున్నానో, అందరితోపాటు నిలబడాలనుకున్నానో ఇప్పుడు విడదీసి చెప్పలేను. ఉతికిన తెల్లచొక్కా తొడుక్కొని పోయాను.

అక్కడ గుర్రం లేదు. ఇటుక బట్టీ నుంచి తెచ్చిన గాడిద ఉంది. వీపు మీద గోనెసంచులు మడిచి కట్టారు. నేను నోరు తెరిచేలోపే ఒకడు చంకల కింద చేతులు పెట్టి లేపి కూర్చోబెట్టాడు. వెనుక నుంచి ఇంకొకడు నా మొహానికి కాగితం ముసుగు తగిలించాడు. రాష్ట్రం ఇవ్వవద్దన్న ఒక పెద్దమనిషి బొమ్మ అది. మెడలో చెప్పుల దండ పడింది.

"ఇదేంది?" అన్నాను.

"దిష్టిబొమ్మలు కాలవెట్టి కాలవెట్టి జనానికి యాష్టకొచ్చింది," అన్నాడు నాయకుడు నాతో కాదు, పక్కవాళ్ళతో. "మనిషుంటె మజా ఉంటది. సైజు గూడ మంచిగ సరివోయింది."

ముసుగు కన్నాల్లోంచి అన్న కోసం వెతికాను. పక్కనే ఉన్నాడు. చేతిలో ఫోను, ఫోటో తీయడానికి పట్టుకున్నట్టు.

"అన్నా, దించు."

"జరసేపే తమ్మి. చౌరస్తా దాక. ఉద్యమం కోసమే గదా."

"దించు అన్నా."

అతను డప్పుల వైపు తిరిగాడు. నేల వైపు చూశాను. దూకితే నా కాళ్ళు నిలవవని నాకు తెలుసు. గాడిద కదిలింది.

కోరుకున్నట్టే అందరి మొహాలూ కనపడ్డాయి. ఒక్కొక్కటీ నన్ను చూసి నవ్వుతోంది. కోపం లేదు, పగ లేదు, పండగకు వచ్చినట్టు నవ్వుతున్నారు. పిల్లలు మట్టి విసిరారు. ఒక అవ్వ ముందుకొచ్చి చెప్పుతో బొమ్మ మొహాన్ని కొట్టింది. మొదటి దెబ్బ ఉత్తుత్తిదే, రెండోది కాదు. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఉద్యమంలో ఆమె ఇంట్లో ఎవరు పోయారో నాకు తెలియదు. ముసుగు వెనకాల నేను ఏడుస్తున్నానని ఆమెకూ తెలియదు.

చౌరస్తాకు చేరకముందే పోలీసులు అడ్డం వచ్చారు. రాళ్ళు ముందు పడ్డాయో, లాఠీలు ముందు లేచాయో చూడలేదు. జనం ఒక్కసారిగా విరిగిపోయారు. గాడిద మాత్రం నాలుగు కాళ్ళూ పాతినట్టు నడిరోడ్డు మీద నిలబడిపోయింది. చుట్టూ చెప్పులు, చిరిగిన జెండాలు, దాని మీద నేను.

ఒక కానిస్టేబుల్ వచ్చాడు. ముసుగు పైకెత్తి చూశాడు. "దిగురా."

"దిగరాదు సార్. జర దించుర్రి."

అతను నవ్వలేదు. గాడిద పిర్ర మీద లాఠీతో బలంగా కొట్టాడు. అది ఎగిరింది. తారు రోడ్డు మీద పడ్డప్పుడు తొడలో చప్పుడు నాకే వినిపించింది. కాసేపటికి ఎవరో నా చంకలు పట్టుకొని సగం మూసిన షట్టర్ కిందికి లాక్కుపోయారు. తండా పిలగాడు. అతని నుదురు పగిలి రక్తం కారుతోంది. అన్న ఎక్కడున్నాడని అడిగాను. "ఉరికిండన్నా," అన్నాడు.

తొడలో రాడ్ వేశారు. మంచం దిగడానికి నెలలు పట్టింది. మరుసటి రోజు పేపర్లో ఫోటో వచ్చింది. "గాడిదపై వినూత్న నిరసన" అని కింద రాశారు. ముసుగు ఉంది కాబట్టి మొహం నాది కాదు. నాయకుడు దవాఖానకు పండ్లు పంపించాడు. మా నాయిన వాటిని పక్క మంచం అవ్వకు ఇచ్చేసి, "ఎవరినేమంటం బిడ్డా, ఉద్యమమాయె," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు.

అన్న చాలా రోజుల తర్వాత వచ్చాడు. మంచం పట్టె మీద కూర్చొని, "గిట్లయితదనుకోలే తమ్మి," అన్నాడు. "నువ్వే అన్నవు గదా, నవ్వితే నవ్వనియ్యి అని."

ఆట గురించి చెప్పిన మాటను అతను ఇట్లా అర్థం చేసుకున్నాడు, లేదా ఇట్లా వాడుకున్నాడు. ఆ తర్వాత అతని గదికి నేను పోలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు అన్న మిఠాయి పట్టుకొని ఇంటికి వచ్చాడు. తీసుకొని తిన్నాను. నేనూ కోరుకున్న రాష్ట్రమే కదా. ఇప్పుడతను హైదరాబాద్‌లో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. పెళ్ళిళ్ళలో కలుస్తాం. పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటాం.

తండా పిలగాడు చదువు ఆపేసి భూపాలపల్లిలో బొగ్గు లారీ నడిపే పనికి పోయాడు. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు. ఒకసారి లారీ పక్కకు ఆపి చేశాడు. లారీల చప్పుడు వినపడుతోంది.

"అన్నా, ఒక మాట. ఆ ముసుగు మీది బొమ్మ నేనే గీసిన. నీకు పెడ్తరని తెలుసు."

నా చెయ్యి తొడ మీది కుట్ల గుర్తు మీదికి పోయింది.

"వద్దని చెప్పాలనుకున్న. వాళ్ళింట్ల తింటున్న, వాళ్ళింట్ల పంటున్న. నోరు రాలే."

ఫోన్ పెట్టేద్దామని చూశాను. వేలు బటన్ మీదే ఉంది. ఆ రోజు జనగామలో అందరూ ఉరికాక వెనక్కి వచ్చింది అతనొక్కడే.

"చలికి కాలు గుంజుతదా అన్నా?" అన్నాడు అటువైపు నుంచి.

"గుంజుతది," అన్నాను.

ఆముదం కాచి రాయమన్నాడు. సరేనన్నాను.