పేరు చెప్పండి

ముసలివాళ్లకు ఫోన్‌ను సులువు చేస్తున్నామని చెప్పుకునే హైదరాబాద్ ఆఫీసులో నేను కొన్నాళ్లు పనిచేశాను. ఆ ముక్క ఇప్పుడు ఎక్కడ విన్నా ఒళ్లు మండుతుంది.

మేం చేసిన ఫోన్‌కు ఒకటే బటన్. నొక్కితే ఒక ఆడగొంతు "ఎవరితో మాట్లాడాలి? పేరు చెప్పండి" అంటుంది. చెప్తే ఫోన్ కలుస్తుంది. ఇంతకంటే సులువేముందని మా సారు మీసం మెలేసేవాడు. ఊళ్లల్లో వాడించి చూడాలన్నప్పుడు, గద్వాలలో మగ్గం ఇంట్లో పుట్టినదాన్ని కదా, సారును మొదట మా ఇంటికే తీసుకుపోయాను.

మా అమ్మ బటన్ నొక్కింది. పేరు అడగగానే నా మొహం చూసింది.

"ఇంట్ల ఆయనకు జెయ్యి," అంది ఫోన్‌తో.

అర్థం కాలేదు, పేరు చెప్పమంది ఫోన్.

"గదే జెప్తున్న గదా, మా ఇంటాయనకు."

మళ్లీ అదే పాట.

మా అమ్మ మొగుడి పేరు పలకదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. రేషన్ దుకాణంలో అడిగినా పక్కనున్నవాళ్లతో చెప్పించేది. మా వైపు ఆ వయసు ఆడవాళ్లు చాలామంది అంతే. ఇదంతా సారుకు చెప్పాను. 'మా ఇంటాయన' అన్నా కలిసేటట్టు చేద్దామన్నాను. అమ్మ పాత డబ్బా ఫోన్‌లో ఒక అంకె నొక్కి పట్టుకుంటే నాయినకు పోయేది, కనీసం అట్లాంటిదైనా పెడదామన్నాను.

ఆయన నవ్వాడు. "ఈ కాలంలో కూడానా? అలవాటు చేయించండి."

పరీక్ష అయ్యేదాకా వాడొద్దని ఆ డబ్బా ఫోన్‌ను కూడా సంచిలో వేసుకుని పోయాడు. చెంప పగలగొట్టాలనిపించింది.

చలికాలంలో ఒక పొద్దున అమ్మకు ఆయాసం ఎక్కువైంది. నాయిన నేసిన చీర ఇచ్చి రావడానికి సావుకారు ఇంటికి పోయాడు. ఇంట్లో ఆమె, మేం ఇచ్చిన ఆ ఫోన్.

ఆలస్యంగానైనా నాయిన వచ్చి ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు. బతికింది. నేను పోయి ఎట్లుందని అడిగాను.

"ఆయన పేరు బెట్టి పిలిచిన బిడ్డా," అని గోడవైపు తిరిగింది.

"ఏం గాదు, ఊకో," అన్నాడు నాయిన. ఆమె ఏడుపు ఆపలేదు.

మా ఫోన్‌లో మాట్లాడిందంతా ఆఫీసులో రికార్డవుతుంది. సారు ఆ పొద్దుటి రికార్డును మీటింగులో అందరికీ వినిపించాడు. మా అమ్మ ఎగపోస్తూ "మా ఇంటాయనకు జెయ్యమ్మా, నీకు దండం బెడ్త" అంటోంది. ఫోన్ పేరు చెప్పమంటోంది. మళ్లీ బతిమాలింది. మళ్లీ పేరు చెప్పమంది. ఆఖరికి చెప్పింది. ఫోన్ కలిసింది.

"చూశారా, అవసరం పడితే అలవాటు అదే వస్తుంది," అన్నాడు సారు.

ఆ రికార్డును తుడిచెయ్యమని అడిగాను. ఇంత పనికొచ్చేదాన్ని ఎందుకు తుడుస్తామన్నాడు. ఉద్యోగం మానేసి వచ్చాను. కొత్తగా చేరినవాళ్లకు ఇప్పటికీ మా అమ్మ గొంతు వినిపిస్తారట, ఆ ఫోన్ ఎంత సులువో చూపించడానికి.