రాలుకాయ కలిసిన లోడు

ఆగిరిపల్లి రోడ్డు మీద మామిడికాయలు పెట్టెలకెత్తే ఒక షెడ్డులో నేను నాలుగు సీజన్లు పనిచేశాను. ఎనభైల నాటి మాట. పదో తరగతి తప్పి, పెళ్లయి ఆ ఊరు వచ్చినదాన్ని. పదిమంది ఆడవాళ్లం కాయలు ఏరి, వరిగడ్డి పరిచి, పెట్టెల్లో సర్దేవాళ్లం. మా మీద ఒక సూపర్‌వైజరు. యజమానికి స్వయానా బావమరిది.

ఆయనకు ముసునూరు దగ్గర సొంత తోట ఉండేదట. అది చేజారాక బావ పంచన చేరాడు. ఆ ఉక్రోషమంతా మా మీద చూపించేవాడు. పొద్దున ట్రాన్సిస్టరు పట్టుకుని కుర్చీలో, మధ్యాహ్నం గడ్డిమోపుల మీద నిద్ర. లేపితే తిట్టేవాడు. లేపకపోతే ఎందుకు లేపలేదని తిట్టేవాడు. పెట్టెల మీద కాయ రకం రాయడం ఆయన పని. నేనే రాసేదాన్ని. అక్షరాలు బాగున్నాయని యజమాని ఓసారి మెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి ఈయన నోట నేను "కలెక్టరమ్మ"ని.

మాలో అందరికంటే పెద్దామెను నేను అత్తా అని పిలిచేదాన్ని. నాకు పని నేర్పింది ఆమే. కాయ చేతిలోకి తీసుకుంటే చాలు, లోపల దెబ్బ ఉందో లేదో చెప్పేసేది.

మూడో ఏడు వేసవిలో పెద్ద గాలివాన వచ్చింది. తెల్లారేసరికి తోటల నిండా రాలిన కాయ. రాలుకాయ పైకి బాగానే కనిపిస్తుంది గాని రెండు రోజుల్లో కుళ్లుతుంది. దూరం వెళ్లే లోడులో అది కలవకూడదు. బళ్లు వచ్చినప్పుడు దగ్గరుండి వేరే కుప్ప పోయించాల్సింది సూపర్‌వైజరే. ఆయన నిద్రలో ఉన్నాడు. బళ్లవాళ్లు అంతా ఒకే కుప్ప పోసి పోయారు.

వెళ్లి లేపాను. "రాలుకాయ కలిసిపోయిందండీ. మొత్తం మళ్లీ ఏరాలి. లారీ రేపు పంపిద్దామండీ."

"నువ్వా నాకు చెప్పేది? సాయంత్రానికి లారీ కదలాలి. నోర్మూసుకుని సర్దండి."

అత్త మాత్రం నోరు మూసుకోలేదు. "ఈ కాయ నిలవదు బాబుగారూ," అంది. ఆయన వినలేదు. చేతనైనంత ఏరాం. మిగతాది అలాగే వెళ్లిపోయింది.

సగం పెట్టెలు కుళ్లాయని వారం తిరక్కుండానే కబురొచ్చింది. యజమాని షెడ్డుకి వచ్చి అందర్నీ నిలబెట్టి అడిగాడు. సూపర్‌వైజరు తడుముకోకుండా అత్త వైపు చెయ్యి చూపించాడు.

"ఈవిడకి చూపానట్లేదు బావా. ఎన్నిసార్లు చెప్పినా వినదు."

అత్త నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమెను ఆ పూటే పంపేశారు.

మర్నాడు ఉండబట్టలేక యజమాని ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆయన నింపాదిగా విన్నాడు.

"నాకు తెలీదా అమ్మా, వాడి సంగతి? తీసేస్తే మా ఆవిడ ఊరుకుంటుందా? అవతల వ్యాపారికి ఎవర్నో ఒకర్ని మానిపించామని చెప్పాలి కదా. నువ్వెళ్లి పని చూసుకో."

నిజం చెబితే సరిపోతుందనుకుని వెళ్లాను. ఆ నిజం ఆయనకి నాకంటే ముందే తెలుసు.

షెడ్డుకి తిరిగొచ్చేసరికి సూపర్‌వైజరుకి సంగతి అందింది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అత్త కూర్చునే పీట చూపించి, "ఇకనుంచి నీ చోటు ఇదే," అన్నాడు. మిగతావాళ్లంతా చూస్తున్నారు. కూర్చున్నాను. ఆ సీజనంతా, పై సీజనంతా అక్కడే కూర్చున్నాను. ఇంట్లో గడవాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ అందరి ముందు నోరు తెరవాల్సిన రోజున మాత్రం తెరవలేదు.

ఏడాది తర్వాత హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడితే అత్త కనిపించింది. నాట్లకి వెళ్తోందట. కాళ్లు బురదకి ఒరిసిపోయి ఉన్నాయి.

"ఇంకా అక్కడేనా?" అంది.

"అక్కడే అత్తా."

నా పిల్లలెలా ఉన్నారని కూడా ఆమె అడగలేదు. బస్సు రాగానే ముందు సీట్లోకి వెళ్లి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.