ఖాళీ ట్యాంకుకు నైట్రోజన్

మా ల్యాబులో నా గురించి ఒక మాట నడుస్తుంది: ఈవిడ దగ్గర గ్లౌజుల డబ్బా తీసుకోవడం కన్నా కిడ్నీ అడిగి తీసుకోవడం తేలికట. నా ఎదురుగా ఎవరూ అనలేదు గానీ, చెవిన పడకుండా ఉంటుందా? పడితే పడనీ అనుకున్నాను. స్టోర్సు చూసే మనిషి మెత్తబడితే పరిశోధన మూతపడుతుంది. సైనిక్‌పురి వైపు రోడ్డులో మా భవనం, కింది అంతస్తులో కిటికీ లేని గది నాది. ద్రవాలు కొలిచే పిపెట్లకు తొడిగే చిన్న ప్లాస్టిక్ టిప్పులు, గ్లౌజులు, గొట్టాలు, రసాయనాల సీసాలు, అన్నీ నా చేతి మీదుగా లోపలికి వచ్చి నా చేతి మీదుగానే పైకి వెళ్ళాలి.

పైన అందరికీ ఒకటే జబ్బు, దాచుకోవడం. ఆర్డరు పెట్టిన సరుకు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి, వచ్చిన రోజున ప్రతివాళ్ళూ ఒకటి వాడి ఒకటి దాస్తారు. పరీక్ష సగంలో ఉండగా టిప్పులు అయిపోయాయని ఒకరు ఏడుస్తుంటే, పక్కవాళ్ళు తమ డ్రాయరుకు తాళం వేసుకుని ఓదారుస్తారు. నెలకోసారి నేను పైకి వెళ్ళి అల్మారాలు వెతికి, దాచినవన్నీ లాక్కొచ్చేదాన్ని. నన్ను చూడగానే మెట్ల మీద గుసగుసలు మొదలయ్యేవి.

ఈ దాచే విద్యలో అందరినీ మించిపోయింది మా టెక్నీషియన్ పిల్ల. కార్ఖానా బస్తీలో పుట్టి పెరిగింది. తెలుగే ఇంటి భాషగా ఉన్న ముస్లిం కుటుంబం. తండ్రి అక్కడే మిలిటరీవాళ్ళ యూనిఫారాలు కుట్టే దర్జీ. పొట్టిగా, గలగలా మాట్లాడుతూ ఉండేది. రోజుకు ఒక్కసారైనా నా గది గుమ్మంలో నిలబడకపోతే దానికి తోచదు.

"అక్కా, జెర ఒక్క డబ్బా ఇయ్యరాదు. స్మాల్ సైజు. చూడు నా చేతులు, పిట్ట చేతులు."

"మొన్ననే ఇచ్చాను కదే! తిన్నావా ఏంటి?"

"తిన్న. ఉప్పు తక్కువైంది."

నవ్వకూడదని పళ్ళు బిగబట్టుకునేదాన్ని. డబ్బా ఇచ్చేదాన్ని. అది పైకి తీసుకెళ్ళి, దాని మీద కాగితపు టేపు అంటించి, 'నాది. ముట్టుకుంటే చేతులు ఇరుగుతయ్' అని రాసి, ఎక్కడో పెట్టేది. ఎక్కడ పెట్టేదో నేను ఒక్కసారి కూడా కనిపెట్టలేకపోయాను. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఉడుకుమోత్తనంగా ఉంటుంది.

ఒక వానాకాలం జ్వరమొచ్చి సెలవు పెట్టింది. "జల్దీ వస్తా అక్కా, నా అల్మారా జోలికి పోకు" అని ఫోన్లో చెప్పింది. డెంగీ. ఆస్పత్రిలో చేర్చారు, రక్తం ఎక్కించారు, ఏం చేసినా నిలవలేదు. పెళ్ళి కూడా కాలేదు దానికి. కార్ఖానాలో వాళ్ళింటికి వెళ్ళి ఆడవాళ్ళ మధ్య కాసేపు కూర్చుని వచ్చాను. ఏడుద్దామంటే కోపం అడ్డొచ్చింది. ఎవరి మీద కోపమో ఇప్పటికీ చెప్పలేను.

అది పోయాక, అది దాచినవి బయటపడడం మొదలైంది.

ముందు, రక్తం గొట్టాలను గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ మిషను వెనకాల గ్లౌజులు, స్మాల్ సైజు. తర్వాత పాత ఫార్మలిన్ అట్టపెట్టెలో గొట్టాలు. ఎలుక చచ్చిందేమోనని సీలింగు పలక తీయిస్తే అక్కడ ఒక సంచి. ప్రతిదాని మీదా అదే టేపు, అదే చేతిరాత, అదే బెదిరింపు. మొదట్లో పైవాళ్ళు నవ్వుకున్నారు. ఫిల్టరు టిప్పులు ఎక్కడా దొరక్క పని ఆగిపోయిన వారంలో, ఒక పరిశోధక విద్యార్థిని పై అరలోని ఫైలు లాగితే టిప్పుల పెట్టె ఆమె ఒళ్ళో పడింది. ఆ అమ్మాయి కేక కింద నా గదిలోకి వినిపించింది. అప్పటినుంచి ఎవరూ నవ్వలేదు. ఏదైనా నిండుకుంటే "ఆమెనే అడగండి మేడమ్" అని గొంతు తగ్గించి అనేవారు.

దయ్యాలూ గియ్యాలూ అంటే మా నాన్న చెంప పగలగొట్టేవాడు. చర్చిలో వాక్యం చెప్పేవాడాయన. నేనూ నమ్మను. కానీ ఎవరూ లేనప్పుడు ఆ గదుల్లోకి వెళ్తే, వెనకనుంచి నన్నెవరో చూసి నోరు మూసుకుని నవ్వుతున్నట్టే ఉండేది. కొబ్బరినూనె వాసన కూడా వచ్చేది, అది రాసుకునేదే. ఒకరోజు తట్టుకోలేక, "చచ్చాక కూడా నా స్టాకు లెక్క కుదరనివ్వవా?" అని ఖాళీ గదిలో పైకే అరిచాను. అరిచి, నా మాటకు నేనే భయపడి కిందికి వచ్చేశాను.

అసలు సంగతి చెప్పాలంటే మా ల్యాబుల అలవాటు ఒకటి చెప్పాలి. జబ్బుపడినవాళ్ళ రక్తాన్ని పరీక్షించేటప్పుడు, పోల్చి చూడడానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తమూ కావాలి. దానికోసం ఎవరూ ఊరంతా తిరగరు. పక్క బల్ల దగ్గర ఉన్నవాళ్ళతోనే సంతకం పెట్టించుకుని చెయ్యి చాపమంటారు. ఈ పిల్ల ఎప్పుడూ ముందుండేది. ఒక ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు ఇప్పిస్తే చాలు. "ఆరోగ్యంగ ఉన్నోళ్ళల్ల నంబర్ వన్ నేనే అక్కా" అని మోచేతికి దూది అదుముకుంటూ నా దగ్గరికొచ్చి గొప్పలు చెప్పేది. ఆ రక్తంలోంచి తెల్లకణాలు వేరుచేసి, వయల్ అనే చిన్న ప్లాస్టిక్ సీసాలో పోసి, లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకులో దించుతారు. ఆ చలిలో కణాలు చావవు, ఉన్నవి ఉన్నట్టు ఆగిపోతాయి. ఏళ్ళ తర్వాత తీసి వెచ్చబరిస్తే మళ్ళీ బతుకుతాయి. నైట్రోజన్ మాత్రం తరిగిపోతూ ఉంటుంది, ఆపకుండా నింపించాలి. నింపించే పని నాది.

ఆ చలికాలం కొత్త ట్యాంకు వచ్చింది. పరిశోధకులకు ఇంకా అవసరమున్న వయల్స్ కొత్తదానిలోకి మార్చి, లేనివి పారేసి, పాతదాన్ని పంపించేయాలి. మందపాటి గ్లౌజులు తొడుక్కుని, ముఖానికి అడ్డుగా ప్లాస్టిక్ అద్దం పెట్టుకుని నేనే కూర్చున్నాను. మూత తీస్తే తెల్లటి పొగ అంచు మీద నుంచి కాళ్ళ మీదికి జారుతుంది. చివరి పెట్టెలో ఒక వయల్ తీసి చూశాను. లేబులు మీద సంకేతం ఉంది, పక్కన సన్నటి అక్షరాల్లో 'నాది' అని ఉంది. సంకేతం తప్ప అక్కడ ఇంకేమీ రాయకూడదు. అది రాయకుండా ఊరుకుంటుందా?

"ప్రభువా" అన్నాను. అందరూ ఏడ్చి, మట్టి చేశారు, దాని కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టుకున్నాం. ఆ పొగ కింద అది ఇంకా చావలేదు.

మా పెద్దసారుకు చెప్పాను. మంచివాడే ఆయన. లేబులు మీది సంకేతాన్ని రిజిస్టరులో వెతికి చూశారు. తర్వాత, "ఆ స్టడీ క్లోజ్ అయిపోయిందమ్మా. డిస్కార్డ్ చేసేయండి" అన్నారు. డిస్కార్డ్ అంటే పసుపు సంచిలో వేసి, ఆసుపత్రుల చెత్త ఎత్తుకుపోయే బండికి ఇవ్వడం. సరే సార్ అన్నాను. కిందికొచ్చి వయల్‌ను ఎక్కడ తీశానో అక్కడే దించి మూత పెట్టేశాను.

ఒక్క టిప్పు కోసం మనుషుల్ని నిలదీసే నేను, ఆ ఒక్క వయల్ కోసం అంత పెద్ద ట్యాంకుకు నైట్రోజన్ పోయించడం మొదలుపెట్టాను. సిలిండరుతో వచ్చే అతను తల గోక్కున్నాడు.

"మేడమ్, గీ ట్యాంకు ఖాళీనే గదా. ఎందుకు నింపిస్తున్రు?"

"నింపమన్నాక నింపు. మీ ఇంట్లోంచి తెస్తున్నావా?"

పని అయ్యాక దాని పక్కన స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. లోపల సన్నగా బుస్సుమంటూ ఉండేది. యాప్రాల్‌లో మా ఇంట్లో పెరుగు కోసం ఫ్రిజ్ తెరిస్తే ఆ చల్లగాలి తగిలేది, తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయేదాన్ని. నైట్రోజన్ బండి ఒక్కసారి రాకపోతే? నాకు జ్వరమొచ్చి పడుకుంటే? చంటిపిల్లను ఇంట్లో వదిలి వచ్చినట్టు మనసు పీకేది. ఇంట్లోవాళ్ళకు చెప్పలేదు. చెబితే ఏమంటారో తెలుసు.

సారుకు ఎలాగో తెలిసిపోయింది. తిట్టలేదు. "శనివారం పాత ట్యాంకు తీసుకెళ్తారమ్మా. ఆలోపు చేసేయండి" అన్నారంతే.

దాని లాకరులో మిగిలిన సామాను ఇంట్లో ఇచ్చిరావాల్సిన పని ఒకటి నేనే వాయిదా వేస్తూ వచ్చాను. టిఫిన్ డబ్బా, ఒక జత చెప్పులు, తండ్రి కుట్టిచ్చిన తెల్లకోటు. బుధవారం పట్టుకెళ్ళాను. ముందు గదిలోనే కుట్టుమిషను, తండ్రి దాని మీద ఉన్నాడు. తల్లి కింద కూర్చుని ఖాకీ చొక్కాలకు కాజాలు కుడుతోంది. కోటు తీసుకుని మడతలు విప్పి, మళ్ళీ మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంకేమన్న ఉన్నయా బేటా, ఆడ మా బిడ్డవి?"

లేవని చెప్పి లేచి రావచ్చు. కానీ ఇన్నేళ్ళూ ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పే నేను జీతం తీసుకున్నాను. ఉన్నదాన్ని లేదనడం నాకు చేతకాదు.

"ఉందమ్మా. కొంచెం రక్తం ఉంది."

మిషను ఆగిపోయింది. ట్యాంకు సంగతి, చలి సంగతి, నాకు తెలిసిన మాటల్లో చెప్పాను. తల్లి సూది పక్కన పెట్టింది.

"అంటే… బతికున్నదా?"

"ఆ కాస్తా బతికే ఉందమ్మా."

"మస్తు సల్లగుంటదా ఆడ?"

"చాలా. ఐసు కన్నా ఎంతో చల్లన." చెప్పి, ఆవిడ ముఖం చూసి గబగబా అందుకున్నాను. "మీరు ఊఁ అంటే సారు కాళ్ళయినా పట్టుకుని కొత్త ట్యాంకులో పెట్టిస్తాను. ఎన్నేళ్ళయినా అలాగే ఉంటుంది. నేను చూసుకుంటాను." ఆవిడ ఊఁ అనాలని నాకు ఎంత ఆశగా ఉందో అప్పుడే తెలిసింది. దాన్ని పోనివ్వడం నా వల్ల కాదు.

ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన తలెత్తలేదు.

"సలికాలమొస్తె రెండు దుప్పట్లు కప్పుకొని సుత వణుకుతుండె మా పిల్ల," అంది చివరికి. "ఎన్నేండ్లని ఉంచుతవ్ బేటా, గా సలిల, ఒక్కదాన్ని? తక్కినదంతా మన్నుల కలిపినం. గది సుత తెచ్చియ్యి. నీకు పుణ్యముంటది."

మర్నాడు సారుకు ఆ తల్లి మాట చెప్పాను. "ప్రాణమున్న మెటీరియల్‌ని గేటు దాటించలేనమ్మా, రూల్ ఒప్పుకోదు. ఆటోక్లేవ్ చేసి ఇవ్వండి. నేను సంతకం పెడతాను." ఆటోక్లేవ్ అంటే మా పెద్ద ప్రెషరు కుక్కరు. అందులో పెట్టింది ఏదీ బతకదు. దాన్ని ఇంటికి పంపాలంటే ముందు చంపాలి. ఇంకొకరి చేతికి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. తల్లికి ఫోన్ చేసి, వేడి మిషన్లో పెట్టాకే ఇవ్వనిస్తారని చెప్పాను. "సమజైంది బేటా" అని పెట్టేసింది.

శుక్రవారం పొద్దున తీశాను. మామూలుగా అయితే గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి కరిగిస్తారు. నేను పెట్టలేదు. మంచు పొడి రాలిపోయేదాకా ఆగి, మందపాటి గ్లౌజు తీసేసి, పల్చటిది తొడుక్కుని, పిడికిట్లో పట్టుకున్నాను. చెయ్యి మొద్దుబారింది. మెల్లగా లోపల తెల్లటి గడ్డ చుట్టూ ద్రవం ఊరింది. లేత పసుపు, అంతా మబ్బుమబ్బుగా. ఆ మబ్బే అది. గడ్డ పూర్తిగా కరిగిపోయింది, వయల్ నా చేతి వేడికి వచ్చింది. ఆ కాసేపు అది ఈ లోకంలో ఉంది, నేనొక్కదాన్నే దానికి తోడు.

"నన్ను తిట్టుకోకే" అన్నాను. ఆటోక్లేవు గదిదాకా వెళ్ళినదాన్ని వెనక్కి తిరిగి నడిచాను. మళ్ళీ వెళ్ళాను. మూత నేనే బిగించాను. లోపల ఆవిరి ఎక్కుతున్న చప్పుడు వింటూ, తలుపు వేసుకుని, దాని చావుకు రాని ఏడుపంతా ఏడ్చాను.

మధ్యాహ్నం నమాజు అయ్యాక తండ్రి ఆ వయల్‌ను తెల్లగుడ్డలో చుట్టుకుని, కూతుర్ని మట్టి చేసిన ఖబ్రస్తాన్ లోపలికి వెళ్ళాడు. వాళ్ళలో ఆడవాళ్ళు లోపలికి వెళ్ళరట. గేటు బయట ఆటోలో తల్లీ నేనూ కూర్చున్నాం. రోడ్డు మీద బండ్లు పోతూనే ఉన్నాయి. ఆవిడ చాలాసేపు గేటువైపే చూసి, నన్ను చూడకుండా అడిగింది.

"సలి నుంచి తీసినంక… మిషన్ల పెట్టెదాక… ఎంతసేపున్నది బేటా?"

"నా చేతిలో ఉన్నంతసేపూ ఉందమ్మా."

"ఏ చెయ్యి?"

కుడిచెయ్యి చాపాను. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, అరచెయ్యి తెరిచి, తన కళ్ళకు అద్దుకుంది. తర్వాత కొంగులోకి తీసుకుని కప్పి పెట్టుకుంది. భర్త ఖాళీ చేతులతో గేటు దాటి వచ్చేదాకా నా చెయ్యి నాకు తిరిగి ఇవ్వలేదు.