ఖాదర్ సార్ కౌంటర్ మీద మొదటి క్లెయిమ్

కత్తెర మాత్రల రేకును కోసేటప్పుడు సన్నని చప్పుడొకటి వస్తుంది. ఈ పొద్దున వంటింట్లో అమ్మకి వారానికి సరిపడా బీపీ మాత్రలు కోసి డబ్బాలో వేస్తుంటే అది వినిపించింది. పొయ్యి మీద పాలు, చంకలో ఫోను, పదింటికి విశాఖపట్నంలో మీటింగు. అంత తొందరలోనూ నా చెయ్యి తనంతట తనే రేకును తిప్పింది, తేదీ అచ్చువేసిన కొసని వదిలి రెండో వైపు నుంచి కోసింది. మిగిలిన రేకు మీద చివరి మాత్ర దాకా తేదీ ఉండాలి కదా. ఆ అలవాటు నాది కాదు. అనకాపల్లిలో ఒక ఆసుపత్రి మందుల కౌంటర్ వెనక ముప్పై ఏళ్లు నిలబడిన ఫార్మసిస్టు ఖాదర్ సార్‌ది.

నాకు చిన్నప్పటి నుంచీ కుదురు లేదు. కశింకోటలో మా నాన్న చెరకు తోటకి నీళ్లు పెట్టి, గట్టు మీద కూర్చుని చూడవే అంటే, నీళ్లకన్నా ముందు నేనే మడి మడికీ పరిగెత్తేదాన్ని. అలాంటిదాన్ని ఒక కంప్యూటర్ల కంపెనీ ప్రొబేషన్ మీద ఉద్యోగంలోకి తీసుకుని ఖాదర్ సార్ దగ్గరికి పంపింది. పని చెప్పుకోవడానికి తేలికే. ఆరోగ్య పథకంలో ఉన్న రోగులకి ఆ ఆసుపత్రి మందులు ఊరికే ఇస్తుంది, ఆ ఖర్చు పథకం వాళ్లు భరిస్తారు. ఆ ఖర్చు అడుగుతూ ఇన్నాళ్లూ కాగితాల మీద పంపిన క్లెయిములు ఇక కంప్యూటర్లో వెళ్లాలి, అటునుంచి ఆమోదం వచ్చాకే మందు చేతికివ్వాలి. నేను గోడ వెంట కేబులు లాగి, రౌటర్ బిగించి, ప్రింటర్ తగిలించి, మందుల జాబితా ఎక్కించాలి. కశింకోటలోనూ రోలుగుంటలోనూ ఉన్న ఆ ఆసుపత్రి చిన్న కౌంటర్లు కూడా నెట్‌వర్క్ మీద అదే జాబితా వాడుకుంటాయి.

మొదటిరోజే ఆయన పద్ధతి చూసి నాకు ఒళ్లు మండింది. ప్రతి రేకునీ ట్యూబులైటు వెలుగుకెత్తి పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, గడువు తేదీ పైకి చదివేవారు. తర్వాత మందు తీసుకునే మనిషి చేత తిరిగి చెప్పించేవారు. చదువు రానివాళ్లయినా సరే, చెప్పేదాకా రేకు వదిలేవారు కాదు. వెనక వరస పెరిగిపోతున్నా ఆయనకి పట్టదు. నేను బల్ల కింద కాలాడిస్తూ కూర్చునేదాన్ని.

"ఏటమ్మా ఆ కాలు? బల్లంతా ఊగిపోతంది."

"పని తొందరగా తెములుతుందని మిషన్ పెడుతున్నాం సార్. మీరింకా ఇలా చదువుతూ కూర్చుంటే ఎలా?"

"మిషన్ దాని పని అది సేత్తాది. నా పని నన్ను సెయ్యనీ," అని ఇంకో రేకు అందుకునేవారు.

అంతా సిద్ధమైంది శుక్రవారంనాడు. జాబితా ఒక్కటే మిగిలింది. పాత కంప్యూటర్లోంచి తీసిన ఆ జాబితాలో ఒకే పేరు రెండుసార్లు, మూడుసార్లు కనిపిస్తోంది. ఖాదర్ సార్ తన పాస్‌వర్డ్ కొట్టి తెర తెరిచి, జేబులోంచి టోపీ తీసుకున్నారు. "నమాజుకెళ్లి వత్తాను. ఆ లిస్టు జోలికి మాత్రం ఎల్లకు. నేనొచ్చేక ఇద్దరం కూకుని ఒక్కో లైనూ సూద్దాం."

"ఒక్కో లైనూ చూస్తే ఎప్పటికి తెములుతుంది సార్?"

"తెమిలినప్పుడే తెములుద్ది," అని వెళ్లిపోయారు.

మూడింటికి నేను నర్సీపట్నంలో ఇంకో ఆసుపత్రిలో ఉండాలి. పావుగంట గోళ్లు కొరుక్కున్నాను. తర్వాత పేర్ల గడి ఒక్కటే చూసి, ఒకే పేరున్నవాటిలో మొదటిది ఉంచి మిగతావి తీసెయ్యమని కంప్యూటర్‌కి చెప్పాను. అది క్షణంలో తీసేసింది. శుభ్రమైన జాబితా మూడు కౌంటర్లకీ వెళ్లిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అప్పుడొచ్చాడు సూరిబాబు. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే మనిషి, గోళ్ల సందుల్లో ఎర్రరంగు. చీటీ బల్ల మీద పెట్టి, "పొద్దున్న ఆకరిది మింగేసేనమ్మా. రేత్రికి నేదు," అన్నాడు. అడక్కుండానే చెప్పుకొచ్చాడు. అతని ఒంట్లో ఉన్నది వాళ్లక్క ఇచ్చిన కిడ్నీ. బతికున్నన్నాళ్లూ పూటకో క్యాప్సూల్ పడాలి. తక్కువైతే ఒళ్లు ఆ కిడ్నీని పరాయిదని తరిమేస్తుంది, ఎక్కువైతే ఆ మందే దాన్ని తినేస్తుంది. "మాయక్కది నాకిచ్చేసి తను ఒక్కదాంతో ఉంది. ఇది పోతే దానికి నా మొగం సూపించనేను," అన్నాడు.

ఖాదర్ సార్ వచ్చేదాకా ఆగి ఉండాల్సింది. మొదటి క్లెయిమ్ నా చేత్తో వెళ్లాలన్న ఉబలాటం ఆగనివ్వలేదు. మందు పేరులో మూడక్షరాలు కొట్టగానే వచ్చిన ఒకే ఒక్క లైను నొక్కి, నెలకి సరిపడా పంపేశాను. అర నిమిషంలో పచ్చటి అక్షరాలు వచ్చాయి. ఆమోదం! గుమ్మంలో చెప్పులు విడుస్తున్న ఖాదర్ సార్‌కి అక్కడికే వినపడేలా అరిచాను.

ఆయన తెర వైపు చూడనేలేదు. ప్రింటరిచ్చిన చీటీ చూసి బీరువాలోంచి ఆ మందు తీశారు. లైటుకెత్తి చదివారు. "ఒక మిల్లీగ్రాము. పొద్దున్నొకటి, రేత్రొకటి. సెప్పు సూరిబాబూ."

సూరిబాబు మెల్లిగా, "కాదు సాయిబు గారూ. నాది అర. నెలనెలా మీరే గదా సెప్పించేరు," అన్నాడు.

డాక్టరు చీటీలోనూ అరే ఉంది. ఖాదర్ సార్ నా వెనక నిలబడి జాబితా చూశారు. "దీంట్లో అర ఏటైంది?"

పాత జాబితా తెరిచాను. ఎన్ని మిల్లీగ్రాములన్నది జాబితాలో పక్క గడిలో ఉంది. పేరు ఒకటే అయినంత మాత్రాన మందు ఒకటే కాదన్న సంగతి ఆ కౌంటర్ ముందు నిలబడే ముసలమ్మలకి కూడా తెలుసు, నాకు తెలియలేదు. సరైన మందుతో మళ్లీ పంపాను. ఈ నెల మందు ఇచ్చేసినట్టే లెక్క, తిరస్కరించాం అని ఎర్రటి అక్షరాలు వచ్చాయి. పాతది పథకం వాళ్లు రద్దు చేస్తే తప్ప కొత్తది వెళ్లదు.

"నాకు మందు రాదేటమ్మా?" అన్నాడు సూరిబాబు నా మొహంలోకి చూస్తూ. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

బీరువాలో అర మిల్లీగ్రామువి ఆరే ఉన్నాయి. ఆమోదం వస్తేనే మిగతావి తెప్పిస్తారు. ఖాదర్ సార్ ఆ ఆరూ అతని చేతిలో పెట్టి, "మూడ్రోజులకొచ్చేయి. ఈలోగా మేం సూసుకుంటాం," అన్నారు. అప్పుడు కూడా తిరిగి చెప్పించడం మానలేదు.

నేను మా సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను. ఆయన తేలిగ్గా, "నెట్‌వర్క్ ప్రాబ్లమ్ అని కంప్లయింటు పెట్టెయ్. నిజం చెప్తే నీ ఉద్యోగం ఉండదు," అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. అందరూ చెప్పే మాటే కదా అనుకున్నాను. పక్కనుంచి విన్న ఖాదర్ సార్ తల అడ్డంగా ఊపారు.

"నెట్‌వర్క్ అంటే వాళ్లు నెట్‌వర్క్ బాగు సేత్తారు. అది బాగానే ఉంది. లిస్టు అలాగే ఉండిపోద్ది."

"మీకేం సార్, ఎన్నయినా చెప్తారు! పోయేది నా ఉద్యోగం," అని కసిరేశాను. తండ్రి వయసు మనిషిని.

ఆయనకి కోపం రాలేదు. "ఆ పాస్‌వర్డ్ నాది. తెరిసి వదిలేసి ఎల్లింది నేను. నా పేరు కూడా సెప్పు. కానీ ముందు ఆ రెండు కౌంటర్లకీ ఫోన్ సెయ్యి."

అప్పుడు గానీ నాకు అవి గుర్తురాలేదు. కశింకోట వాళ్లు ఆ జాబితా ఇంకా తెరవలేదు. రోలుగుంట ఎంతకీ ఎత్తదు. లేచి తిరిగాను, కూర్చున్నాను, మళ్లీ నొక్కాను. చివరికెవరో ఎత్తి, "థైరాయిడ్ మాత్రలకి ఒకావిడొచ్చింది, ఇప్పుడే తీత్తన్నామండీ," అన్నారు. ఆపండని నేను పెట్టిన కేకకి కౌంటర్ ముందున్న వరసంతా తిరిగి చూసింది.

పథకం వాళ్లకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. చూడకుండా తీసేశాను, చూడకుండా పంపాను అన్నాను. ఆ రోజు నర్సీపట్నం వెళ్లలేదు. ఖాదర్ సార్ బీరువాలోంచి ఒక్కో మందూ తీసి చదవడం, నేను పేరు పక్కనే మిల్లీగ్రాములు కలిపి కొట్టడం, ఆయనకి తిరిగి చెప్పడం. మర్నాడు కూడా అదే పని. ఒళ్లంతా చీమలు పాకుతున్నట్టుండేది, అయినా లేవలేదు. సోమవారం పొద్దున్నే రద్దు చేసినట్టు వచ్చింది. సాయంత్రం సూరిబాబు నెల మందూ అందుకుని, "అర," అని నా వైపు చూసి మరీ చెప్పాడు. నా ఉద్యోగం పోలేదు. ప్రొబేషన్ మాత్రం ఇంకో మూడు నెలలు పొడిగించారు.

కిందటేడు ఖాదర్ సార్‌కి ఒంట్లో బాగాలేదని తెలిసి చూడ్డానికి వెళ్లాను. మంచం మీద సగమైపోయారు. వాళ్లావిడ మాత్రల రేకు నా చేతికిచ్చారు. నేను వెలుగుకెత్తి పేరు చదివాను, మిల్లీగ్రాములు చదివాను, మాత్ర తీసి అందించాను. ఆయన గుప్పిట విప్పలేదు.

"తేదీ?" అన్నారు.

చదివాను. అప్పుడు మూడూ తిరిగి చెప్పి, అరచెయ్యి చాపారు. రెండు నెలలకి పోయారని కబురొచ్చింది. ఆ రోజు ఊళ్లో లేను, చివరిచూపు దక్కలేదు. ఆ బాధ నాకు పోదు.

ఇవాళ పొద్దున మాత్రలు కోయడం అయ్యాక, రేకు కిటికీ వెలుగుకెత్తి అమ్మకి చదివాను. "తెలుసులేవే, రోజూ ఏసుకున్నదే. నీకు టైమవతంది," అంది అమ్మ. తిరిగి చెప్పమన్నాను. విసుక్కుంటూనే మొదలుపెట్టింది. పేరు చెప్పింది, మిల్లీగ్రాముల దగ్గర ఆగి ఆలోచించింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి. అమ్మ తేదీ చెప్పేదాకా నేను కదల్లేదు.